మండపం ఒక్కటే, మూడు కంప్యూటర్లలో మూడు రకాలుగా ఎందుకు కనిపిస్తోంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. ఒడిశాలోని గుణుపురంలో మీది పెళ్లి డెకరేషన్ షాపు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మండపం డిజైన్ చేసి పెళ్లివారికి చూపిస్తారు. షాపు డెస్క్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే బంతిపూల దండలన్నీ ముదురు గులాబీ రంగులోకి మారాయి, వెనక గోడకు వేసిన తెర మిణుకుమిణుకుమంటోంది. ఫొటోషాప్‌లో చేసిన స్వాగతం బోర్డు ఫైలు రాయగడ ఫ్లెక్స్ షాపుకి పంపితే, అక్కడ తెరవగానే సరిగ్గానే కనిపించింది గానీ అచ్చులో ఒత్తులు విడిపోయాయి, మెరూన్ కాస్తా ఇటుక రంగుకి దిగింది. ఎవరో గ్రాఫిక్స్ కార్డు మార్పించమన్నారు. మార్పించాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దు. మీరు చెప్పినవాటిలో ఒక్క తెర సంగతికి మాత్రమే గ్రాఫిక్స్ చిప్‌తో సంబంధం ఉంది. అది కూడా డబ్బు ఖర్చు లేకుండా పోయేదే.

నేను పర్లాకిమిడిలో డీటీపీ పనితో మొదలుపెట్టి ఇరవై ఏళ్లుగా ఈ డిజైన్లు, కంప్యూటర్ రిపేర్ల మధ్యే ఉన్నాను. మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. నాలుగు లోపాలు ఒకే రోజు కనిపించేసరికి వాటన్నిటికీ ఒకే కారణం ఉంటుందనుకుంటారు. అవన్నీ ఒకే రోజు బయటపడ్డాయంటే, ఫైలు ఆ రోజే ఊరు దాటిందని అర్థం, అంతే. బ్లెండర్ ఫైలులో గానీ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెక్స్ట్ లేయర్‌లో గానీ ఉండేది తయారైన బొమ్మ కాదు. మీరు పందిరి వేసేవాళ్లకు ఇచ్చే కొలతల చీటీ లాంటిది. అదే చీటీ పాతపట్నం మేస్త్రికి ఒకటి, గుణుపురం మేస్త్రికి ఒకటి ఇస్తే కర్రలు ఎవరి దగ్గరున్నవి వాళ్లు వాడతారు, ముడి ఎవరికి వచ్చినట్టు వాళ్లు వేస్తారు. కంప్యూటర్ విషయంలో ఆ కర్రలు అంటే ఫాంట్లు, పూల ఫొటోలు, డ్రైవరు (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్), మానిటరు. వీటిలో ఏది మారిందో ఒక్కొక్కటిగా పట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, ఐదు నిమిషాలు పట్టదు. ల్యాప్‌టాప్‌లో తప్పుగా కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి డెస్క్‌టాప్‌కి పంపండి. ఫోన్‌తో ఫొటో తీయొద్దు, స్క్రీన్‌షాటే కావాలి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది కుదించేస్తుంది. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఆ బొమ్మలో కూడా తప్పు కనిపిస్తే, గీయడంలోనే తేడా వచ్చిందన్నమాట: ఫైలు, ఫాంటు, డ్రైవరు, వెర్షన్ వీటిలో ఏదో ఒకటి. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉందంటే బొమ్మ సరిగానే తయారైంది, చూపించే దగ్గర చెడింది: మానిటరు, కేబులు, దాని సెట్టింగులు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా రెండు రోజులు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నవాణ్ణి నేనే. చివరికి తేలిందేమిటంటే నైట్ లైట్ ఆన్‌లో ఉంది. విండోస్ 10లో 2017 నుంచి ఉన్న సెట్టింగు అది, సాయంత్రమైతే స్క్రీన్‌ని పసుపుగా మార్చేస్తుంది. స్క్రీన్‌షాట్‌లో ఆ పసుపు రాదు.

గులాబీ రంగు దండల సంగతి తేలిక. బ్లెండర్‌కి టెక్స్చర్ ఫొటో, అంటే వస్తువు మీద పరిచే ఫొటో, దొరక్కపోతే ఆ చోట కావాలనే ఆ ముదురు గులాబీ పూస్తుంది, మీకు తెలియాలని. మీ డెస్క్‌టాప్‌లో బంతిపూల ఫొటో డి డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్‌లో ఉంది. ఫైలులో ఉన్నది ఆ దారి మాత్రమే, ఫొటో లేదు. ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటాలోకి వెళ్లి ప్యాక్ రిసోర్సెస్ నొక్కి, మళ్లీ సేవ్ చేయండి. ఫొటోలన్నీ ఫైలు లోపలికే వచ్చేస్తాయి. ఫైలు సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఆకాశం కోసం పెట్టే హెచ్‌డీఆర్ ఫొటో పోతే మండపం మొత్తం గులాబీ వెలుగులో మునుగుతుంది. అది చూసి కార్డు కాలిపోయిందని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు.

ఇక గోడకు వేసిన తెర. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఒక కంప్యూటర్‌లో బాగుండి ఇంకొకదానిలో చెడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గ్రాఫిక్స్ చిప్ ప్రతి చుక్కకీ రంగుతో పాటు దూరం కూడా రాసుకుంటుంది. రెండు వస్తువులు ఒకే చోట పడితే దగ్గరిది చూపించి దూరానిది దాచేస్తుంది. ఈ దూరాన్ని సాధారణంగా 24 బిట్లలో రాస్తారు, అంటే సుమారు 1 కోటి 67 లక్షల మెట్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ మామూలు పద్ధతిలో ఆ మెట్లు సమానంగా ఉండవు, కంటికి దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి. బ్లెండర్ వ్యూపోర్ట్‌లో (మీరు డిజైన్ చేసే కిటికీలో) కంటికి ఎంత దూరం నుంచి చూపించాలో చెప్పే క్లిప్ స్టార్ట్ మామూలుగా 0.01 మీటరు, అంటే ఒక సెంటీమీటరు. లెక్క వేస్తే మొత్తం మెట్లలో సగం, కంటి ముందు 1 సెంటీమీటరు నుంచి 2 సెంటీమీటర్ల మధ్యలోనే అయిపోతాయి. అక్కడ మనకు చూడ్డానికి ఏముంది, గాలి తప్ప! మిగిలిన సగం మెట్లతో మండపం అంతా సర్దుకోవాలి. 20 మీటర్ల దూరానికి వచ్చేసరికి ఒక్కో మెట్టు దాదాపు 2.4 మిల్లీమీటర్లు. మీ తెరని గోడకి అంటించినట్టు 1 మిల్లీమీటరు ముందు పెట్టారనుకోండి, చిప్ దృష్టిలో తెర, గోడ రెండూ ఒకే మెట్టు మీద నిలబడ్డాయి. ఒక చుక్కలో తెర గెలుస్తుంది, పక్క చుక్కలో గోడ గెలుస్తుంది. కెమెరా కొంచెం కదిలితే గెలుపోటములు తారుమారవుతాయి. మీకు కనిపించే మిణుకు అదే.

మరి డెస్క్‌టాప్‌లో ఎందుకు లేదు? రెండు చిప్‌లు దశాంశాలను సవరించే తీరులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ప్రోగ్రాములు చిప్‌తో బొమ్మ గీయించుకోవడానికి వాడే ఓపెన్‌జీఎల్ ప్రమాణం కూడా అన్ని మెషీన్లలో చుక్కచుక్కకీ ఒకేలా రావాలని పట్టుబట్టదు, ఆ సంగతి అందులోనే రాసి ఉంది. కాబట్టి మీ డెస్క్‌టాప్ కార్డు గొప్పదీ కాదు, ల్యాప్‌టాప్ చెడిపోనూ లేదు. డెస్క్‌టాప్‌లో మీకు అదృష్టం కలిసొచ్చింది, అంతే. కెమెరా ఇంకో కోణంలో పెడితే అక్కడా మిణుకుతుంది, కావాలంటే చూడండి.

దీనికి మందు రెండు రకాలు. వ్యూపోర్ట్‌లో ఎన్ నొక్కి, వ్యూ ట్యాబ్‌లో క్లిప్ స్టార్ట్‌ని 0.1 చేయండి. అదే 20 మీటర్ల దగ్గర మెట్టు పావు మిల్లీమీటరుకి తగ్గుతుంది. కెమెరా క్లిప్ వేరేగా ఉంటుంది, కెమెరాని ఎంచుకుని దాని సెట్టింగుల్లో కూడా మార్చండి. అంతకంటే మంచి పని, తెరని గోడ నుంచి రెండు సెంటీమీటర్లు ముందుకు లాగండి. నిజం పందిట్లో మాత్రం తెర గోడకి అతుక్కుని ఉంటుందా ఏం? ఒకే సమతలంలో రెండు పొరలు పెట్టే అలవాటు ఉంటే మానుకోవడం మేలు. బ్లెండర్‌లోనే ఉండే సైకిల్స్ పద్ధతిలో రెండర్ చేస్తే, అంటే చివరి బొమ్మ తీస్తే, ఈ మిణుకు ఉండదు గానీ, సరిగ్గా ఒకే చోట ఉన్న పొరల మీద నల్ల మచ్చలు పడతాయి.

డ్రైవరు గురించి కూడా చెప్పాలి, మీరు కార్డు అన్నారు కాబట్టి. మా వీధిలో ఒకబ్బాయి ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించుకుని వచ్చాడు. బ్లెండర్ అసలు తెరుచుకోవడం లేదు, గ్రాఫిక్స్ కార్డు పనికిరాదని మెసేజ్. కొత్త ల్యాప్‌టాప్ కొనాలేమోనని ఇంట్లో టెన్షన్. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ దగ్గర చూస్తే మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. ఆ పేరు కనిపిస్తే అసలు డ్రైవరు ఎక్కలేదని అర్థం. అప్పుడు విండోస్ ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే ఇస్తుంది. బ్లెండర్ 2.80కే 3.3 కావాలి, 4.0 నుంచి 4.3 కావాలి. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్ డ్రైవరు వేస్తే అరగంటలో తెరుచుకుంది.

మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో రెండు చిప్‌లు ఉండే అవకాశం కూడా ఉంది, బ్యాటరీ ఆదా చేసే చిన్నది ఒకటి, గట్టిది ఒకటి. బ్లెండర్ చిన్నదాని మీదే నడుస్తుంటే బరువైన సీన్ తడబడుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి బ్లెండర్‌ని చేర్చి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. 2018 నుంచి విండోస్ 10లోనూ ఉంది ఇది. ఇంకొకటి: చిప్ రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవరుని రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వస్తుంది, కొన్నిసార్లు బ్లెండర్ మూసుకుపోతుంది. సీన్ బరువు తగ్గిస్తే చాలావరకు పోతుంది. మే నెలలో మన ఎండలకి ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్న ల్యాప్‌టాప్ అయితే ముందు దుమ్ము ఊదించండి.

ఇప్పుడు ఒత్తులు. ఇది నా సొంత గాయం. ఒకసారి ఐదొందల శుభలేఖలు వేయించాను. ఒకే కార్డు మీద ఒడియా, తెలుగు రెండూ. మన వైపు అదే ఆనవాయితీ కదా, పెళ్లికూతురువాళ్లకి ఒకటి, పెళ్లికొడుకువాళ్లకి ఒకటి. నా స్క్రీన్ మీద ‘జ్యేష్ఠ పుత్రుడు’ అని ఉన్నది, కార్డు మీద ‘జ్‌యేష్‌ఠ పుత్‌రుడు’ అని వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి కార్డు తిప్పి తిప్పి చూసి, ‘ఏం బాబూ, మా వాడి పేరు ముందు ఈ కొడవళ్లేమిటి?’ అన్నారు. మళ్లీ అచ్చు వేయించాను, నా ఖర్చుతోనే.

ఆ మాటనే దగ్గరగా చూడండి. ‘జ్యేష్ఠ’ కాగితం మీద రెండక్షరాలు. కంప్యూటర్ లోపల ఏడు సంకేతాలు: జ, పొల్లు, య, ఏత్వం, ష, పొల్లు, ఠ. ఈ ఏడింటినీ చదివి, పొల్లు తర్వాత వచ్చిన య కిందికి ఒత్తుగా దిగాలి, ఏత్వం జ తలమీదకి ఎక్కాలి అని నిర్ణయించేది సాఫ్ట్‌వేర్‌లోని ఒక భాగం. దానికి సాయపడే పట్టికలు ఫాంటులో ఉంటాయి. ఇంగ్లీషుకి ఈ గొడవ దాదాపు లేదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తే అయిపోతుంది. అందుకే ఇంగ్లీషు సరిగ్గా వచ్చిన మెషీన్‌లోనే తెలుగు, ఒడియా విరిగిపోతాయి. రెండింట్లో ఏది లేకపోయినా పొల్లు పైన కొడవలిలా నిలబడిపోతుంది.

ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చాలి. కొత్తవాటిలో దాని పేరు వరల్డ్ రెడీ లేఅవుట్. మీ కంప్యూటర్‌లో అది ఎప్పుడో మార్చి ఉంటారు, ఫ్లెక్స్ షాపులో మార్చలేదు. అయితే మీకు ఒక అనుమానం రావాలి: పీఎస్‌డీ తెరవగానే అక్కడ కూడా సరిగ్గానే కనిపించిందన్నారు కదా, మరి అచ్చులో ఎలా చెడింది? టెక్స్ట్ లేయర్‌ని ఎవరూ ముట్టుకోనంతసేపు ఫొటోషాప్ మీరు సేవ్ చేసిన రూపాన్నే చూపిస్తుంది. ముహూర్తం టైము సరిచేయడానికో, బోర్డుని పది అడుగులకి పెంచడానికో ఆ అబ్బాయి లేయర్‌ని కదిపి ఉంటాడు. ఆ క్షణంలో అక్షరాలన్నీ ఆ కంప్యూటర్ ఫాంటుతో, ఆ కంప్యూటర్ ఇంజిన్‌తో కొత్తగా పేర్చబడ్డాయి. అతని తప్పు లేదు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు బోర్డులు రోజూ వేసేవాడికి తెలుగు ఒత్తు జారితే కంటికి ఆనదు.

ఫాంటు ఉందో లేదో కూడా చూసుకోండి. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి చాలామందికి అలవాటైన గౌతమి, విండోస్ 10 నుంచి తనంతట తాను రాదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వేసుకోవాలి. ఒడియా కళింగ ఫాంటుదీ అదే కథ. లేకపోతే నిర్మల వచ్చి కూర్చుంటుంది. అక్షరాలు విరగవు గానీ వెడల్పు మారుతుంది, ఒక లైను రెండు లైన్లవుతుంది, చివరి మాట బోర్డు అంచు దాటుతుంది. ‘అను’ లాంటి పాత నాన్‌యూనికోడ్ (కంప్యూటర్ దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలే అయిన) ఫాంట్లతో చేసినవైతే ఇంకా ఘోరం, ఫాంటు లేని చోట తెలుగే ఉండదు, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

కాబట్టి ఫ్లెక్స్ షాపుకి ఎప్పుడూ బతికున్న టెక్స్ట్ పంపకండి. ఫొటోషాప్‌లో టెక్స్ట్ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు షేప్, కోరల్‌లో అయితే కంట్రోల్ క్యూ. అక్షరం గీతగా మారిపోతుంది, ఇక ఏ కంప్యూటరూ దాన్ని విరగ్గొట్టలేదు. టెక్స్ట్ ఉన్న కాపీ ఒకటి మాత్రం మీ దగ్గర విడిగా ఉంచుకోండి. పెళ్లివారు రాత్రి పదింటికి ఫోన్ చేసి మేనమామ పేరు మర్చిపోయాం అంటారు, అప్పుడు కావాలి. బ్లెండర్‌లో ద్వారం మీద పేర్లు రాయాలన్నా ఇదే దారి. నేను వాడిన వెర్షన్లలో దాని టెక్స్ట్ టూల్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చోలేదు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా (గీతగా) మార్చి, ఎస్‌వీజీగా తెచ్చుకుంటున్నాను.

మెరూన్ రెండు చోట్ల మారుతుంది. మొదటిది బ్లెండర్ నుంచి బొమ్మ బయటికి వచ్చేటప్పుడు. రెండర్ ప్రాపర్టీస్‌లో కింద కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ అని ఉంటుంది, సీన్‌లోని వెలుగుని రంగులుగా మార్చే పద్ధతి అది. 2.80 నుంచి కొత్త ఫైళ్లకి ఫిల్మిక్ వచ్చేది, 4.0 నుంచి ఏజీఎక్స్ వస్తోంది. 4.0లో చేసిన ఫైలుని పాత వెర్షన్‌లో తెరిస్తే అక్కడ ఏజీఎక్స్ అనే మాటే లేదు, అది తనకు తెలిసిన పద్ధతిలోకి దిగిపోతుంది, రంగులు మారతాయి. రెండు కంప్యూటర్లలో ఒకే వెర్షన్ పెట్టండి. ఈ రెండు పద్ధతులూ వెలుగుని ఫొటోలా సహజంగా చూపిస్తాయి గానీ గాఢమైన రంగుల్ని కొంచెం చప్పబరుస్తాయి. బట్ట శాంపిల్‌కి రంగు కలవాల్సి వస్తే నేను స్టాండర్డ్ పెట్టి రెండర్ చేస్తాను.

రెండోది ఇంకు. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ఫ్లెక్స్ మీద నాలుగు ఇంకుల కలయిక. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. బోర్డు మొత్తం వేయించే ముందు అడుగు వెడల్పు ముక్క అదే మెషీన్ మీద, అదే ఫ్లెక్స్ మీద వేయించి, పగటి వెలుగులో చూడండి. నా దగ్గర అలాంటి ముక్కల కట్ట ఒకటి ఉంది, ఒక్కోదాని వెనక దాని రంగు అంకెలు రాసి పెట్టుకున్నాను. పెళ్లివారు మెరూన్ అంటే స్క్రీన్ చూపించను, ఆ కట్ట చూపిస్తాను.

పెళ్లివారింట్లో టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టి చూపిస్తారు కదా, అక్కడ నలుపు బూడిద రంగులా కనిపిస్తే కంగారుపడకండి. కంప్యూటరు 16 నుంచి 235 వరకే అంకెలు పంపుతోంది, టీవీ 0 నుంచి 255 అనుకుంటోంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో రేంజ్‌ని ఫుల్ అని మార్చండి, లేదా టీవీలో లిమిటెడ్ చేయండి. రెండింట్లో ఒకే మాట ఉంటే చాలు.

ఈ వారం ఇలా చేయండి. ఫైలు ప్యాక్ చేసి, తెరని ముందుకి లాగి, ల్యాప్‌టాప్‌లో మళ్లీ తెరవండి. అప్పటికీ తేడా ఉంటే బ్లెండర్ ఫోల్డర్‌లోనే బ్లెండర్ ఫ్యాక్టరీ స్టార్టప్ అనే సీఎండీ ఫైలు ఉంటుంది, దాంతో తెరిచి చూడండి. అందులో మీ తమ్ముడు వేసుకున్న యాడాన్లు, మార్చుకున్న సెట్టింగులు ఏవీ ఉండవు. సీన్ ఫైలు తెరిచేటప్పుడు లోడ్ యూఐ టిక్కు తీసేయండి. తర్వాత రెండు కంప్యూటర్లలోనూ హెల్ప్ మెనూలో సేవ్ సిస్టమ్ ఇన్ఫో నొక్కితే ఒక్కో టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఆ రెండూ, ల్యాప్‌టాప్ స్క్రీన్‌షాటూ ఇక్కడ పెట్టండి. కార్డు కొనాల్సిందేనా కాదా అన్నది వాటిలో చిప్ పేరు, డ్రైవరు వెర్షన్ చూశాక చెబుతాను. మాఘం ముహూర్తాలకి ఇంకా టైముంది కదా.